నాలుగు పాటల క్యాసెట్టు

డిండోలి, సూరత్

అన్నయ్యకు,

ఇక్కడ అందరం బాగున్నాం. మా లహరి పాట ఫోన్‌లో చూసి, "ఆడపిల్ల గిట్ల ఒర్లుడేంది? బంద్ చేయించు" అన్నావు. దానికి జవాబు ఫోన్‌లో చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

గిటార్లు, డ్రమ్ములు హోరెత్తిస్తూ అరిచి పాడే ఆ పాటను థ్రాష్ మెటల్ అంటారట. లహరి, ముగ్గురు స్నేహితులు కలిసి చీరల గోదాము వెనక గదిలో, పాతకాలం బ్యాండ్లలాగే అందరూ ఒకేసారి వాయించి నాలుగు పాటలు రికార్డు చేశారు. క్యాసెట్టు కూడా వేశారు. మొత్తం పదహారు నిమిషాలు. నాకైతే తల దిమ్మెక్కింది.

మీ బావ సంగతి నీకు తెలుసు. ముప్పై ఏళ్లు మరమగ్గాల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నారు. ఇంట్లో ఏం చెప్పాలన్నా సైగలే. మొన్న ఆదివారం లహరి ఆయనను స్పీకరు పక్కన కూర్చోబెట్టి క్యాసెట్టు పెట్టింది. మొదటి పాటకు ఊరికే చూస్తూ కూర్చున్నారు. రెండో పాటలో లహరి అరుపు రాగానే తలెత్తారు.

"గిది నువ్వేనా బిడ్డా?"

లహరి తల ఊపింది.

"మాటలు తెలుస్తలేవు. గొంతు తెలుస్తున్నది. చిన్నప్పుడు జర సన్నగుండె. ఎప్పుడు మారిందే?"

అది నా వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆయన మాత్రం క్యాసెట్టు అయిపోయేదాకా కదలలేదు.

అన్నయ్యా, బంద్ చేయమని నేను చెప్పను. నువ్వూ ఫోన్ చేసి మందలించకు. వచ్చే నెల ఇక్కడికి దగ్గర్లోనే కామ్‌రేజ్‌లో పాడుతున్నారు. అక్కడ వినేవాళ్లు ఎవరూ కూర్చోరట, నిలబడే ఎగురుతారట. అయినా మీ బావ కోసం స్పీకరు పక్కన ఒక కుర్చీ వేయమని అడిగాను.

నీ చెల్లెలు