తోడు వచ్చిన వాళ్ల టిక్కెట్టు

సెండాయ్, మార్చి

అత్తయ్య గారికి హరుయో నమస్కారాలు. మేం కులాసా.

పిల్లలు పుట్టడం కోసం నేను చేయించుకున్న వైద్యం ఖర్చుకు పన్ను మినహాయింపు అడగడానికి నిన్న పన్నుల ఆఫీసుకు వెళ్లాను. ఆసుపత్రి బిల్లులు, నా బస్సు ఛార్జీలు ఒప్పుకున్నారు. నాకు తోడుగా కొండ దాటి వచ్చిన మీ ఛార్జీలు మాత్రం గుమస్తా పక్కన పెట్టేశాడు.

"నడవలేని వాళ్లకు తోడొస్తేనే ఇస్తామండీ. మీరు బాగానే నడుస్తున్నారుగా."

"ఆవిడ లేకపోతే రెండోసారే ఆసుపత్రి గుమ్మం నుంచి వెనక్కి తిరిగేదాన్నండీ" అన్నాను.

అతను బల్ల మీదుగా వంగి నా కాళ్లు చూశాడు. పోనీలెండి, మిగతాదంతా వస్తుంది.

ఇంటి కప్పు మీద మంచు కరిగిందా? ముల్లంగి ఊరగాయ పంపకండి, మీరే తీసుకురండి. ఏప్రిల్‌లో వైద్యం మళ్లీ మొదలుపెడుతున్నాం. కార్డు మీదే రాస్తున్నాను, పోస్ట్‌మాన్ చదివితే చదవనీయండి. మామయ్య గారికి నమస్కారాలు. మీ టిక్కెట్టు కొనేశాను, కిటికీ పక్కది.

మీ కోడలు
హరుయో