రెండున్నర ఎకరాల లెక్క

మహబూబాబాద్ హాస్టల్, గురువారం

బాపుకు నమస్కారం. నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో ఈ మాట తీస్తే పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను. పోస్టుమాన్ చదివినా చదవనీ.

కాలేజీలో కొత్తగా చేరినవాళ్లకు సోమవారం పరీక్ష. ఎవరు నేరుగా డిగ్రీ క్లాసులో కూర్చోవాలో, ఎవరు ముందు ఆరు నెలలు ఇంటర్ పాఠాలే మళ్లీ చదవాలో దాంతో తేలుస్తారు. నిన్న లెక్కల సార్ నమూనా పరీక్ష పెట్టారు. ఒక రైతు రెండున్నర ఎకరాలను కొడుకుకూ కూతురికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత అని ప్రశ్న. నేను 1.10 అని రాశాను.

"గిదేంది బిడ్డా, ఎట్లొచ్చింది?" అన్నారు సార్.

"ఎకరం పది గుంటలు సార్. మా పట్టా పుస్తకంల గట్లనే రాస్తరు" అన్నాను.

సార్ నవ్వారు. "ఎకరానికి నలభై గుంటలు కాబట్టి పట్టాల గది ఒప్పే. పరీక్షల మాత్రం ఎకరంపావు అంటే 1.25 రాయాలె" అన్నారు.

ఇప్పుడు అట్లే రాయడం నేర్చుకుంటున్నాను. తమ్ముడు అఖిల్‌తో నా ఇంటర్ లెక్కల గైడు పంపించు. అవ్వను మోకాలి నొప్పికి దవాఖానకు తీసుకుపోయావా? "మీ బాపు భూమంత తమ్ముని పేరు మీద ఎక్కిస్తుండు" అని పోయిన ఆదివారం అవ్వ ఫోన్‌లో చెప్పింది.

సార్ నా జవాబులో చుక్క తరువాతి అంకెలు మాత్రమే దిద్దారు బాపూ. కూతురికి సగమన్నది దిద్దలేదు.

అందరినీ అడిగానని చెప్పు.

నీ పెద్దబిడ్డ
ప్రవళిక