అమ్మ కట్టిన మోకాలు

నవంబర్ 3, ఆదివారం
భీమిలి ఇసుకలో కబడ్డీ. ఒళ్లు పక్కకి తిరిగింది, ఎడమ మోకాలు సమ్మతించలేదు. లోపల 'టప్' మని చప్పుడు. గంటలో పనసకాయంత వాపు. మా ఇంట్లో డాక్టర్ మాటెత్తడం దేశద్రోహం. ముప్పై ఏళ్లుగా ఊరి ఎముకలకి, కీళ్లకి కట్లు కట్టేది మా అమ్మ తాయారే. గుడ్డుసొన, మినప్పిండి, పాత చీర ముక్క. "నరం పట్టీసింది. మూడు కట్లకి లెగిసి గెంతుతావు" అంది. బీటెక్ చదివిన నేను నమ్మాను.

నవంబర్ 24
మూడో కట్టు విప్పింది. వాపు లేదు, నొప్పి లేదు. అరుగు మీద ఉన్న నలుగురు పేషెంట్ల ముందు నన్ను నడిపించింది. ర్యాంప్ వాక్ చేశాను. అమ్మ కొంగు సర్దుకుంది. నా డిగ్రీ రోజున కూడా ఆ ముఖంలో అంత వెలుగు లేదు.

నవంబర్ 27, సాయంత్రం 6
బస్సు దిగి పక్కకి తిరిగాను. మోకాలు తన దారిన తను పోయింది. వెంట ఉన్న అక్క మొగుడు గవర్రాజు బావ సీతమ్మధారలో ఒక క్లినిక్‌కి మోసుకెళ్లాడు. డాక్టర్ మోకాలు మడిచి, పిక్క పట్టుకుని లాగితే టేబుల్ సొరుగులా ముందుకొచ్చింది. ఆయన ఆశ్చర్యపోలేదు. ఎమ్మారై రాశాడు.

నవంబర్ 29
మోకాలి ఎముకల్ని లోపల పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ పూర్తిగా తెగింది. మెనిస్కస్ అనే కుషన్ చీలింది. రెండూ కబడ్డీ రోజువే. వాపు కట్టు లేకపోయినా తగ్గేదట. తిన్నగా నడవడం పరీక్షే కాదట, పక్కకి తిరగడం పరీక్షట. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు గానీ, మోకాలు ఇలా జారిపోతూ, పైగా ఆడాలనుంటే తప్పదట. తొడ వెనక నుంచి టెండన్ అనే తాడులాంటిది తీసి కొత్త లిగమెంట్ వేస్తారు, కుషన్‌కి కుట్లు. తొమ్మిది నెలలు ఆట బంద్.
"అత్తకి నువ్వే సెప్పు బామ్మర్దీ. నాను ఆ ఇంట్లో బోంచెయ్యాల" అన్నాడు గవర్రాజు బావ.

నవంబర్ 30
చెప్పాను. బస్సు దిగుతుంటే తెగిందన్నాను. "నాను బాగుసేసి పంపితే బస్సోడు పాడుసేసేడు" అని అమ్మ వీధంతా చాటింది. సుపుత్రుడిగా ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాను.

డిసెంబర్ 4
చేపల వేటకెళ్లే అర్జునరావు కుంటుతూ వచ్చాడు. పడవ దిగుతూ తిరిగాడట, 'టప్' మందట. అమ్మ నన్ను చూపించి, "మావోడు మూడు కట్లకి నడిసేడు" అంటూ పిండి కలిపి కట్టేసింది.
నేను లోపల కూర్చుని నా రిపోర్ట్ మూడుసార్లు చదివాను.

డిసెంబర్ 5
నిజం చెప్పేశాను. ఎముకలు నువ్వు బాగానే కడతావు, ఇది ఎముక కాదమ్మా అన్నాను. అమ్మ ఎమ్మారై ఫిల్మ్‌ని వెలుగుకి పట్టుకుని చాలాసేపు చూసింది.
"మరి నడిసేవు కదరా" అంది.

తర్వాత చెప్పులేసుకుని వెళ్లి, అర్జునరావు కట్టు తన చేత్తోనే విప్పింది. "ఇది నా పని కాదు, సీతమ్మధార బస్సెక్కు" అందట.

డిసెంబర్ 9
రేపు ఆపరేషన్. అమ్మ సబ్బు పెట్టి నా ఎడమ మోకాలు కడిగింది. తర్వాత కుడిది కూడా.
అది బాగానే ఉందమ్మా అన్నాను.
"ఏమోరా" అంది.