నాకు చెప్పని అడుగులు

జూన్ 1, ఆదివారం

నడిచింది!

మంచం కోడు వదిలేసి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, నా వైపు ఆరు అడుగులు. ఏడో అడుగుకు నా ఒళ్ళో పడింది. నేను ఏడ్చేశాను. మా ఆయన శ్రీను చప్పట్లు కొట్టాడు. అత్తమ్మ ఉప్పు తిప్పి దిష్టి తీసింది. "మా లచ్చి నడిచిందే, మా లచ్చి!" లాస్య అని నేను ముచ్చటపడి పెట్టుకున్న పేరును లచ్చి చేసి పెట్టింది ఈవిడ. ఈ రోజు అదీ ముద్దుగానే ఉంది.

మధ్యాహ్నం రెండు దాకా షాపు. ఆదివారం అబిడ్స్‌లో షట్టర్లన్నీ దించి ఉంటాయి, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. నేను పనిచేసే చెప్పుల షాపు మాత్రం తెరిచే ఉంది... బడులు తెరిచే నెల కదా. నాంపల్లి దాకా నడిచి వచ్చి కాళ్ళు చాపానో లేదో, లేచి నడిచింది. నా కోసమే ఆగినట్టు.

మోకాలి మీద గీరుకుపోయి ఉంది. పసుపు పెట్టారు. "పాకుతుంటే గీస్కపోయింది" అంది అత్తమ్మ.

జూన్ 2, సోమవారం

రాష్ట్రానికి సెలవు, అవతరణ దినమని. శ్రీనుకు సెలవు. చెప్పుల షాపుకు లేదు.

క్యాలెండర్‌లో నిన్నటి గడిలో రాశాను: నడక.

జూన్ 4, బుధవారం

పొద్దున నల్లా దగ్గర పక్క పోర్షన్ పద్మక్క. "మీ లాస్య ఇప్పుడు మంచిగ నడుస్తున్నది స్వప్నా. మొదట్ల మస్తు పడుతుండె పాపం."

మొదట్ల అంటే?

"గదే, పదిహేను రోజులాయె గద. మీ అత్త గీ వాకిట్లనే తిప్పుతుండె."

బిందె నిండి పొర్లింది. పద్మక్కే నల్లా కట్టేసింది.

పదిహేను రోజులు! అంటే ఆదివారం ఈ ఇంట్లో అందరూ నాటకం ఆడారు. నేను నేల మీద కూర్చుని ఏడుస్తుంటే చప్పట్లు కొట్టారు. నా కూతురితో సహా అందరికీ తెలుసు, నాకు తప్ప.

రాత్రి—

అడిగాను. శ్రీను చెప్పులు కూడా విప్పలేదు అప్పటికి. "నువ్వు బాధపడతవనే చెప్పలే. నీ ముంగట నడిచినప్పుడే మొదటిసారి అనుకుందాం అన్న. దాంట్ల తప్పేంది?" పైగా వీడియో ఉందట. చూపించాడు. పసుపు గౌను. రెండడుగులు వేసి ఫోన్ వైపు నవ్వింది. పట్టపగలు, పని రోజు. ఆ రోజు ఆయన తలనొప్పని లీవు పెట్టి ఇంట్లో ఉన్నాడట.

తలనొప్పికి లీవు!

నేను రోజూ ఎవరి పిల్లకో మొదటి చెప్పులు తొడుగుతాను. కింద మోకాళ్ళ మీద కూర్చుని, "రా నాన్నా, ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని చేతులు చాపుతాను. వాళ్ళ అమ్మలు ఫోన్లు పట్టుకుని నా వెనక నిలబడతారు. ఊళ్ళో పిల్లలందరి అడుగులూ చూశాను. నా పిల్లవి పదిహేను రోజుల పాత వీడియోలో చూశాను.

జూన్ 5, గురువారం

క్యాలెండర్ గడి కొట్టేశాను. పెన్ను గుచ్చుకుని కాగితం చిరిగింది. చిరగనీ.

జూన్ 6, శుక్రవారం

ఎవరితోనూ మాట్లాడలేదు, లాస్యతో తప్ప. లాస్యకు ఇంకా మాటలు రావు.

జూన్ 7, శనివారం

అంతా ఇంకో అర పైకి ఎక్కించాలి. బియ్యం డబ్బా, చీపురు, అగ్గిపెట్టె, శ్రీను ఫైళ్ళు. పొద్దున తాగే నీళ్ళ బకెట్‌లో నా చెప్పు తేలుతోంది. తల దువ్వుకునేలోపు కందిపప్పు గదంతా చల్లింది. కాళ్ళు ఎడంగా పెట్టి, పొట్ట ముందుకు తోసి, రౌండ్స్‌కు వచ్చిన ఎస్సైలా నడుస్తుంది. పడుతుంది. చుట్టూ చూస్తుంది, ఎవరైనా చూశారా అని. చూడకపోతే ఏడవదు.

నవ్వొచ్చింది. కోపంగా ఉన్నప్పుడు నవ్వు తెప్పించే వాళ్ళంటే ఇంకా కోపం.

షాపులో కూర్చోనివ్వరు. తొమ్మిదిన్నర నుంచి ఎనిమిది దాకా నిలబడటమో, కస్టమర్ కాళ్ళ దగ్గర వంగటమో. ఇంటికొచ్చి దీని వెనక పరుగు. అయినా పరిగెత్తుతాను. పదిహేను రోజులు పోగొట్టుకున్నదాన్ని.

జూన్ 9, సోమవారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

సందు మొదట్లో ఇస్త్రీ బండి యాదగిరి దగ్గర శ్రీను చొక్కాలు తీసుకుంటున్నాను. "పాప మంచిగున్నదా అమ్మా? ఆనాడు బాగ భయపడ్డది." ఏనాడు? అతని చెయ్యి ఆగింది. "అరె... మీకు ఎరుక లేదా? సార్‌కు చెప్పిన గద."

బతిమాలితే చెప్పాడు. కిందటి నెలాఖరు శనివారం, మధ్యాహ్నం. లాస్య ఒక్కతే, గౌనుతో, సందు దాటి రోడ్డు మీద నిలబడి ఉందట. రైల్వే స్టేషన్ వైపు నుంచి సామాన్ల ఆటో వెనక్కి వస్తోందట. "వానికి కనవడదు గద అమ్మా, గింతంత పిల్ల. నేను ఇస్త్రీ పెట్టె గట్లనే ఇడిసిపెట్టి ఉరికిన. రెక్క పట్టి గుంజిన. గప్పుడే మోకాలు గీస్కపోయింది." ఎవరిదో చొక్కా కాలిపోయిందట, పెట్టె దాని మీదే వదిలేసి వచ్చినందుకు.

లాస్యను ఎత్తుకుని ఇంటికి తెచ్చాడట. "మీ అత్త లోపల పిల్లను పిలుస్తనే ఉన్నది. బయటికి పోయిందని గూడ తెల్వదు ఆమెకు."

దండం పెట్టాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. చొక్కాలు బండి మీదే మర్చిపోయి వచ్చాను.

పసుపు పెట్టిన మోకాలు. పాకుతుంటే గీస్కపోయిందట!

ఇంట్లో—

"చెప్తే లొల్లి చేస్తవని చెప్పలే" అన్నాడు శ్రీను.

"మరి ఇప్పుడు చేస్తలేనా?"

"ఏం కాలే గద, స్వప్నా!"

ఏం కాలే గద. ఏం కాలే గద. అయ్యుంటే ఎప్పుడు చెప్పేవాడు? అదీ నేను బాధపడతానని దాచేవాడా?

అత్తమ్మ గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. "గొళ్ళెం పెట్టిననే అనుకున్న బిడ్డా." ఒక్కటే మాట. నేనేమన్నానో రాయను. వయసులో పెద్దావిడను అనకూడనివే అన్నాను. అన్నందుకు బాధ లేదు.

జూన్ 10, మంగళవారం

షాపుకని బయల్దేరి స్టేషన్ దాకా వెళ్ళాను. కాళ్ళు ముందుకు సాగలేదు. వెనక్కి వచ్చాను. తలుపు తట్టలేదు, కిటికీ దగ్గర నిలబడ్డాను. దొంగలా, నా ఇంటికి నేనే.

అత్తమ్మ ఎల్లిపాయలు ఒలుస్తూ మాట్లాడుతోంది. "గాడనే కూసో లచ్చీ. కదలకు బిడ్డా. మంచిపిల్లవు గద. మీ అమ్మ వచ్చెదాక గట్లనే కూసో."

ఆమె మాట్లాడుతున్నది ఎర్ర బకెట్‌తో. దాని మీద లాస్య తువ్వాలు ఆరేసి ఉంది.

లాస్య ఆవిడ వెనక, మంచం కింద. ఆవిడ వేసుకునే షుగర్ జబ్బు గోలీల పట్టీ నములుతోంది.

లోపలికి ఎలా వెళ్ళానో తెలియదు. నోట్లో వేలు పెట్టి మొత్తం తీశాను. గోలీలు లెక్కపెట్టాను, అన్నీ ఉన్నాయి. అది నా వేలు కొరికింది. నేను నిలబడి అరవాలనుకున్నాను. అత్తమ్మ మా వైపు చూస్తోంది. మా వైపు కాదు, మా పక్కకు.

"ఎప్పటి నుంచి కనవడతలేదు?"

చేతిలో ఎల్లిపాయలు కింద పెట్టింది. తర్వాత, "ఉగాది నుంచే. పొగ కమ్మినట్లు ఉంటది. రంగు తెలుస్తది, మనిషి తెల్వదు."

"ఎందుకు చెప్పలే అత్తమ్మా? ఎందుకు?"

"చెప్తే నన్ను సూర్యాపేటల పెద్దోని ఇంటికి తోలుతరు. పిల్లను చూసుకుంటున్న గాబట్టి గీడ ఉన్న. చూసుకోకుంటే నేనెందుకు మీకు?"

పాలు కలిపాను. సగం నా చేతి మీదే పోసుకున్నాను.

"శ్రీనుకు ఎరుకేనా?"

తల ఊపింది. "వానికి ముందుగాల చెప్పిన. నీ షాపు సీజన్ అయిపోయినంక ఆపరేషన్ చేపిస్త, గప్పటిదాక ఎట్లనన్న నెట్టుకరా అన్నడు."

ఎట్లనన్న నెట్టుకరా.

కళ్ళు కనబడని మనిషికి నడక నేర్చిన పిల్లను అప్పజెప్పి, నాకు ఒక్క ముక్క చెప్పకుండా, ఆఫీసులో ఫ్యాన్ కింద కూర్చున్నాడు. నేను పదిహేను రోజుల అడుగుల కోసం ఏడ్చాను! మూర్ఖురాలిని.

జూన్ 11, బుధవారం

రెండు రోజులు రానని షాపుకు ఫోన్ చేశాను. "జూన్‌ల లీవేందమ్మా?" అన్నాడు మేనేజర్ సార్. కట్ చేశాను.

ఒక చేత్తో అత్తమ్మను, చంకలో లాస్యను పట్టుకుని కంటి దవాఖానకు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. "ఇంత ముదిరేదాక ఏం చేసిన్రమ్మా?" అని డాక్టరమ్మ నన్ను తిట్టింది. నన్ను! 19న మొదటి కన్ను ఆపరేషన్. నెల రోజులు వంగకూడదు, బరువు ఎత్తకూడదు. లాస్య ఎంత బరువుందో అడగలేదు ఎవరూ.

వచ్చేటప్పుడు కోఠిలో పిల్లల్ని చూసుకునే చోట ఆగాను. జూలై ఒకటి నుంచి చేర్చుకుంటామన్నారు. ఈలోపు ఖాళీ లేదు.

ఆటోలో అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు.

జూన్ 12, గురువారం

బడులు తెరిచారు. "ఇయ్యాల రాకుంటే ఇగ రానే రాకు" అని పొద్దున్నే ఫోన్. లాస్యను తీసుకునే వెళ్ళాను.

గంట బాగానే సాగింది. కస్టమర్ల పిల్లలు దాన్ని చూసి నవ్వారు. తర్వాత కింది వరసలో పెట్టె లాగింది. మొత్తం వరస కూలింది. అట్టపెట్టెలే, దెబ్బ తగల్లేదు. ఆ పెట్టెల మధ్య నిలబడి చప్పట్లు కొట్టుకుంది.

"షాపా, అంగన్‌వాడీనా?" మేనేజర్ సార్ అరుపు, అందరి ముందూ.

పెట్టెలన్నీ సైజుల ప్రకారం మళ్ళీ సర్దిపెట్టి ఇంటికొచ్చాను. ఒక్కటి కూడా తప్పు పెట్టలేదు. ఎందుకు రాస్తున్నాను ఇది? ఎవరైనా చూడాలని.

జూన్ 14, శనివారం

నిన్నా ఈ రోజూ పద్మక్క పుణ్యాన గడిచింది. సోమవారం నుంచి ఆమె కూడా పనికి వెళ్తుంది.

అన్నం దగ్గర శ్రీను, "కొన్ని రోజులు కొలువు ఇడిసిపెట్టు. మల్ల చూద్దాం." ఎంత తేలిగ్గా! పచ్చడి అందుకో అన్నట్టు.

"నువ్వు లీవు పెట్టు."

"ఆఫీసుల ఆడిట్ ఉన్నది."

"తలనొప్పికి దొరికింది గద లీవు. నీ బిడ్డకు దొరకదా?"

"పిల్లను చూసుకుంట అని లీవు పెడితే ఆఫీసుల నవ్వుతరు, స్వప్నా. నీకు తెల్వదు."

నేను నోరు తెరిచేలోపు గోడ దగ్గర నుంచి అత్తమ్మ. "నవ్వనియ్యిరా. నా కండ్లెట్లనో పోయినయ్, నీ సిగ్గు గూడ పోనియ్."

శ్రీను కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆవిడ మీద నాకు కోపం పోలేదు. పోదు కూడా, ఆ రోడ్డు తలుచుకుంటే. కానీ ఆవిడ కంచంలో కూర ఎక్కడుందో, అన్నం ఎక్కడుందో చేతికి చూపించి చెప్పాను. ముందెప్పుడూ చెప్పలేదు. ముందెప్పుడూ చూడలేదు నేను. ఉగాది నుంచి ఒకే ఇంట్లో ఉండి, నేనూ చూడలేదు.

జూన్ 15, ఆదివారం

శ్రీను లీవు లెటర్ రాయలేదు. అడగలేదు నేను.

జూన్ 16, సోమవారం

పొద్దున లేచి తల దువ్వుకున్నాను. షాపు చీర కట్టుకున్నాను. లాస్యకు పాలు పట్టి, శ్రీను షేవింగ్ చేసుకుంటుంటే అతని కాళ్ళ దగ్గర దింపాను.

"నేను పోతున్న."

"ఏయ్, నాకు ఆఫీసున్నది! స్వప్నా!"

"నాకూ ఉన్నది. తలుపు గొళ్ళెం పైది పెట్టు. కింది గొళ్ళెం దానికి అందుతది. పదకొండుకు పప్పన్నం మెత్తగ పిసికి పెట్టు. అత్తమ్మకు చెప్పకు, నువ్వే పెట్టు."

వెనక నుంచి లాస్య ఏడుపు. సందు చివరి దాకా వినబడింది. ఇస్త్రీ బండి దగ్గర యాదగిరి నా ముఖం చూసి తల వంచుకున్నాడు. ఆగలేదు. అబిడ్స్ దాకా ఒక్క ఊపులో నడిచాను. "అచ్చిన్రా అమ్మగారూ" అని వెటకారం చేశాడు మేనేజర్ సార్. మాట పడ్డాను.

శ్రీను ఫోన్లు మొదలు. తొమ్మిది నలభైకి, డైపర్లు ఎక్కడ. పదికి, ఎందుకు ఏడుస్తోంది. పదింబావుకు, ఇప్పుడు ఎందుకు నవ్వుతోంది. పదకొండుకు, ఉమ్మేస్తోంది, ఏం చెయ్యాలి. పదకొండున్నరకు ఏమీ మాట్లాడలేదు, ఊపిరి మాత్రం వినబడింది, ఎక్కడో గిన్నె పడ్డ చప్పుడు, కట్.

ఆ తర్వాత లేదు.

ఇప్పుడు ఒకటీ నలభై. పైన స్టాకు గదిలో పెట్టెల మధ్య కూర్చుని ఇది రాస్తున్నాను. టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. రెండు గంటల పైనే అయింది, ఒక్క ఫోన్ లేదు. పడుకోబెట్టి ఉంటాడు. లేదా తనే పడుకుని ఉంటాడు. పై గొళ్ళెం పెట్టాడా?

నేను చెయ్యను. చేస్తే రేపటి నుంచి మళ్ళీ అంతా నేనే. ఏం తెలియాలన్నా నాకే తెలియాలి, ఏం అడగాలన్నా నేనే అడగాలి. ఆయన దాచినా నేనే పట్టుకోవాలి. చెయ్యను.

కింద నుంచి పిలుస్తున్నారు. "స్వప్నా, చిన్నపిల్ల సైజు! జల్ది!"

ఫోన్ చేతిలోనే ఉంది. ఆయన పేరు తెరిచి పెట్టుకునే ఉన్నాను.