చెడిపోయిన మైకు

ధర్మవరం.
అమ్మా, వందనాలు. అందరం బాగుండాం. నలుగురితో సంఘమేంది, పెనుకొండకు వచ్చేయండి అంటివి. మేం రాము.

పోయిన నెల ఒక శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థనలో మైకు చెడిపోయింది. మీ అల్లుడు ప్రసంగం మాని, అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఇరుగుపొరుగు వాళ్ల కోసం పేరు పెట్టి ప్రార్థన చేయమనె. పక్కింటి నాగలక్ష్మి బిడ్డ మూర్ఛరోగం కోసం నేను చేస్తిని. గోడవతల ఆమె మగ్గం చప్పుడు ఆగిపోయింది. చూస్తే మా వాకిట్లో నిలబడుండాది. మైకు వినపడితే తలుపేసుకునే మనిషి. బిడ్డకింకా నయం కాలేదు, అయినా ప్రతి శుక్రవారం అత్తను, తోడికోడలిని పిల్చుకొని వస్తాండాది. మైకు మళ్లీ బాగు చేయించలేదు.

నాయన మోకాళ్ల నొప్పి ఎట్లుండాది? శెనక్కాయలు అమ్మేస్తిరా? అవ్వకు వందనాలు చెప్పు. అటక మీది పెద్ద చాప తమ్ముని చేతికిచ్చి పంపు. ఈడ ఉండేది చాలడం లేదు.

నీ కూతురు ఎస్తేరు