అమ్మ వైపు

బావా,

చివరి రోజు సంగతి నీకు సరిగ్గా చెప్పలేదు. ఉదయం మీ చెల్లి దిండుకు ఆనుకుని కూర్చుని రెండు గుక్కలు కాఫీ తాగింది. ఆసుపత్రి కిటికీలోంచి కొండ దారి కనిపిస్తుంది. దాన్ని చూస్తూ, "మొదటి మలుపు నీ వైపు" అంది. మధ్యాహ్నం నిద్రపోయింది. సాయంత్రం నర్సు వచ్చి, నాడి చూసి, నా భుజం మీద చెయ్యి వేసింది. అంతే.

"నీ వైపు" ఏమిటో నీకు తెలుసు. కారు పోటీల్లో నా పక్కన కూర్చుని మలుపులు చెప్పాల్సిన మనిషికి పుట్టుకతోనే కుడి ఎడమలు తికమక. అందుకని మాకు కుడి లేదు, ఎడమ లేదు. నేను కూర్చున్నది తన నోట 'నీ వైపు', తను కూర్చున్నది 'నా వైపు'. అంతే. పోటీకి ముందు భోజనాల గదిలో రెండు కుర్చీలు పక్కపక్కన వేసుకుని, గాల్లో స్టీరింగు తిప్పుతూ సాధన చేసేవాళ్ళం. మా చిట్టి కూతురు బుడంకాయ మా వెనక స్టూలెక్కి, మాతోపాటు అటూ ఇటూ ఒరుగుతూ పకపకా నవ్వేది.

వాళ్ళమ్మ పోయాక బుడంకాయ మేం పోటీల్లో నడిపిన ఆ ఎర్ర కారు ఎక్కలేదు. బతిమాలాను, కసిరాను. బస్సులోనే వెళ్తానంది. ఇది నీకు చెప్పలేదు. ఉన్నవి రెండే సీట్లు. అమ్మ సీట్లో కూర్చోవడానికి మనసు రావడం లేదనుకున్నాను. ఆ సీటు చూస్తే నాకూ అంతే. చివరికి ఆ కారును పళ్ళ డాక్టరుకు అమ్మేసి, ఐదుగురు పట్టే పొడుగు బండి కొన్నాను. ఇంజన్ మాత్రం పాతదానికంటే గట్టిది. ఆ ఒక్క విషయంలో రాజీ పడలేదు. "మా చెల్లి గుర్తును అమ్ముకున్నావు" అని నువ్వు ఫోన్ పెట్టేశావు.

బండి ఇంటికొచ్చిన రోజు బుడంకాయ వెనక తలుపు తెరిచి, ఎక్కి, బెల్టు పెట్టేసుకుంది.

"ఇన్నాళ్ళూ ఎందుకెక్కలేదే?" అన్నాను.

"అందులో నా సీటేది నాన్నా? నాది మీ వెనకాల కదా!"

బావా, ఆ స్టూలు సంగతి నాకు తట్టనే లేదు.

ఈ రోజు కొండ మీద క్లబ్బు పోటీ. రోడ్డు మూసేసి ఒక్కో బండినే వదులుతారు. పిల్లల్ని ఎక్కించుకోవచ్చు. పళ్ళ డాక్టరు మన ఎర్ర కారులో వచ్చాడు. మా బండి చుట్టూ ఓసారి తిరిగి, "ఏం సార్, పోటీకా, పెళ్ళికా?" అన్నాడు.

"పెళ్ళికే అంకుల్! మీరు మెల్లగా రండి, భోజనాల వేళకి అందుకుంటారు" అంది హెల్మెట్లోంచి బుడంకాయ.

జెండా ఊగింది. మొదటి మలుపుకి ముందే వెనక నుంచి గొంతు: "నీ వైపు!" తిప్పాను. రెండో మలుపు దగ్గర గొంతు ఆగింది. వెనక సీటు మధ్యలో కూర్చున్న దానికి 'నా వైపు' అంటే ఏ వైపు? నా కాలు బ్రేకు మీదికి వెళ్తోంది.

"అమ్మ వైపు!" అని అరిచింది.

తిప్పాను. ఇక పైదాకా అదే పాట. నీ వైపు, అమ్మ వైపు, అమ్మ వైపు, నీ వైపు. పక్క సీటు ఒక్క మలుపులోనూ ఖాళీగా అనిపించలేదు.

ఎర్ర కారును ఓడించాం బావా. అందులో నేనూ మీ చెల్లీ నెలకొల్పిన రికార్డు కూడా పోయింది. డాక్టరు చెమట తుడుచుకుంటూ, "ఇలాంటిది ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నాడు.

"బండయితే దొరుకుతుంది. వెనక సీటు మనిషే దొరకదు" అన్నాను.

గెలిచిన కప్పును బుడంకాయ ముందు సీట్లో పెట్టి, దానికి బెల్టు వేసింది. ఆ బెల్టు సరిగ్గా పడిందో లేదో నేనూ ఓసారి లాగి చూశాను.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యను. రేపు పొద్దున మీ ఇంటికొచ్చి నీ చేతికే ఇస్తాను. నువ్వు చదవడం పూర్తయ్యేదాకా ఇంజన్ ఆపకుండా గుమ్మం ముందే ఉంటాను. నీ చోటు బుడంకాయ పక్కన. మీ వీధి మలుపు అమ్మ వైపేనట, అప్పుడే కనుక్కుంది.

నీ బావ