సముద్రపు బురదలోని సూక్ష్మజీవిని చంపవద్దని

పరిశోధనాలయ పాలనాధికారి గారికి,

అయ్యా,

విషయం: మూడవ అంతస్తులోని శీతల పెట్టెను ఖాళీ చేయు ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి.

తమ పరిశోధనాలయములో సముద్రపు సూక్ష్మజీవుల విభాగమున పని చేయుచున్న నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నడిసముద్రపు అడుగు నుండి తెచ్చిన బురదలో ఒక సూక్ష్మజీవిని వేరుచేసి పెంచితిని. మహా బద్ధకపుది. వారాల తరబడి బతిమాలితే గాని పెరగదు. అయితే అది వదిలే పదార్థము, ఆసుపత్రులలో ఏ మందుకూ లొంగని క్రిములను సైతము చంపుచున్నది.

2. సదరు సంగతి నాకు తెలిసిన విధము: బట్టలు కుట్టుకొని బతికే మా అక్కకు తుంటి ఆపరేషన్ జరిగి, పుండు చీము పట్టినది. డాక్టరు గారు ఉన్న మందులన్నీ వాడి చేతులెత్తేశారు. ఆ చీములోని క్రిమిని గాజు పళ్లెంలో పెంచి, మధ్యలో మా పదార్థం ఒక చుక్క వేశాను. మర్నాటికి ఆ చుక్క చుట్టూ ఒక్క క్రిమి లేదు. అద్దంలా ఉంది.

3. అది చూసి మా బావ నా కాళ్ల మీద పడినంత పని చేశాడు.

"ఎలాగూ పోతుందంటున్నారు కదమ్మా, ఆ చుక్కేదో వేసెయ్యి."

"అది ఇంకా మందు కాదు బావా. విషమో కాదో కూడా తెలీదు."

"ఇంతకంటే విషం ఏముంటుంది?"

నేను వేయలేదు.

4. ఎలుకలపై పరీక్షకు అనుమతి కోరగా, "పది రోజులు వాడి మానివేయు మందుకు పెట్టుబడి పెట్టువారు లేరు, అత్యవసరము కాదు" అని తమరు తిప్పి పంపితిరి. ఆ వారమే అక్క పోయింది. తమరు అనుమతించినా అక్క దక్కేది కాదు, ఆ మాట నాకు తెలుసు. తరువాతి వారెవరైనా దక్కేవారేమో.

5. ఇప్పుడు శీతల పెట్టె ఉన్న గదిని సమావేశ మందిరముగా మార్చుటకై నమూనాలన్నిటినీ ధ్వంసము చేయమన్నారు. అక్కను చంపిన క్రిమి కూడా ఆ పెట్టెలోనే ఉన్నది. దాన్ని చావకుండా కాపాడుతున్నది నేనే. అది లేనిదే మందును పరీక్షించలేము. కుర్చీలు ఎక్కడైనా వేసుకోవచ్చును.

కావున పెట్టెను మెట్ల కింద మూలనైనా ఉంచుకొనుటకు అనుమతింప ప్రార్థన. కరెంటు ప్లగ్గు ఒక్కటి చాలును. ఇందులో కోపముతో రాసినట్లు తోచిన మాటలు, కోపముతో రాసినవేనని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడవ అంతస్తు పరిశోధకురాలు

తా.క.: ఇది రాస్తుండగా బావ వచ్చాడు. అక్క పోయాక నాతో మాట్లాడడం ఇదే మొదలు. అర్జీ అంతా చదివి, "చోటు ఇవ్వకపోతే తెచ్చి మా ఇంటి ఫ్రిజ్‌లో పెట్టు. ఒక్కడినే కదా, ఖాళీగానే ఉంటోంది" అన్నాడు. ఆ చలి దానికి చాలదని, అలాంటివి ఇంట్లో పెట్టకూడదని చెప్పాలి.

"సరే బావా" అన్నాను.